తలకిందుల కట్టె

కిషన్‌రావు గురుజీకి రెండు విషయాల్లో గర్వం. నాందేడ్‌లో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు, ఇంతవరకు నల్లబల్ల మీద ఒక్క లెక్క తప్పు వేయలేదు. అది మొదటిది. రెండోది ఆయన చేతి వడ్రంగం. మొదటి గర్వం వల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. రెండోదాని సంగతి వేరు.

ఆయనది కర్ఖేలి. తరాలుగా సేద్యం చేసుకునే పటేళ్ల ఇల్లు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు, పైగా హైస్కూలు మాస్తరు, రందా పట్టుకుని కట్టె గీక్కుంటూ కూర్చోవడమేమిటని బంధువులు మొదట్లో మూతులు తిప్పుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. నాందేడ్‌లోనే వజీరాబాద్ అవతల కొత్తగా పడ్డ కాలనీలో ప్లాటు కొన్నాడు. ఇంటికి పునాది తీయకముందే ప్లాటు వెనక రేకుల షెడ్డు వేయించాడు. ఇత్వారా బజారులో పాత ఇనుము అమ్మేవాళ్ల దగ్గర తుప్పు పట్టిన ఉలులు ఏరి తెచ్చి, నూరి, వాటితో గడ్డం గీసుకోవచ్చన్నంత పదును పెట్టాడు. ఆదివారమొస్తే షెడ్డులోనే. పీటలు, అద్దాల చట్రాలు, చపాతీ బల్లలు, పుస్తకాల గూళ్లు చేశాడు. ఒక్కటీ అమ్మలేదు, అన్నీ పంచిపెట్టాడు. కాకపోతే పుచ్చుకున్నవాళ్లు కనీసం మూడుసార్లు పొగడకపోతే ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు.

"ఎవరి దగ్గర నేర్సిండ్రు గురుజీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు కదా. 

"ఎవ్వలి దగ్గర లే. సొంతం" అనేవాడు.

అది పచ్చి అబద్ధం. కర్ఖేలిలో సీతారాం అనే వడ్ల ఆయన, అంటే వడ్రంగి, ఉన్నాడు. ఆ ఊరి నాగళ్లు, బండ్లు, దర్వాజలు అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. కిషన్‌రావు నిక్కరు తొడిగే వయసు నుంచీ ఆ కొట్టంలోనే పడి ఉండేవాడు. మాస్తరయ్యాక కూడా ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచేవి. ఉలి నూరడం, కట్టెలో జీర ఎటు పోతుందో చూడడం, సరేసు ఉడికించడం, అన్నీ సీతారామే నేర్పాడు. చిన్నప్పుడు "సీతారాం కాకా" అని వెంట తిరిగిన పిల్లవాడు నౌకరీ వచ్చాక ఒట్టి "సీతారాం" అనడం మొదలుపెట్టాడు. సీతారాం అది గమనించాడు, గమనించనట్టు ఉన్నాడు.

ఇక ఇల్లు కట్టే రోజులు వచ్చాయి. పెద్ద దర్వాజ, అంటే వీధి గుమ్మం ద్వారబంధం, తానే చేస్తానని కిషన్‌రావు పట్టుబట్టాడు. కిన్వట్ అడవి టేకు తెప్పించాడు. రెండేళ్లు పట్టింది. రెండు నిలువు కట్టెల మీద లతలు, పైకట్టె మీద నెమళ్లు చెక్కాడు. నిలువు కట్టెలకు ఒక నియమం ఉంది. చెట్టు ఎట్లా నిలబడిందో కట్టె అట్లాగే నిలబడాలి, మొదలు కిందికి, కొస పైకి. తలకిందులుగా నిలబెడితే ఆ ఇంటి వంశం నిలవదని ఊళ్లల్లో గట్టి నమ్మకం. పిల్లలకు సైన్సు గురించి ఉపన్యాసాలిచ్చే కిషన్‌రావు దీనికి నవ్వేవాడు. నవ్వుతూనే, కోత మిషన్ దగ్గర దుంగలు దింపగానే మొదలు వైపు నీలం పెన్సిలుతో గీత పెట్టుకున్నాడు. సీతారాం నేర్పిన అలవాటు అది, చేయి దానంతటదే పెట్టింది.

దర్వాజ ఎత్తే రోజున వడ్ల ఆయన వచ్చి కట్టె తడిమి, మొదలూ కొసా చూసి, సరిగానే ఉందని నలుగురి ముందు చెబితే తప్ప పసుపు రాయరు. అందుకు ఆయనకు ధోవతి, రుమాలు, కుంచెడు బియ్యం ఇస్తారు. అది వాళ్ల హక్కు. భార్య సుమిత్రాబాయి ఆ మాటే ఎత్తింది.

"సీతారాముని పిలిసి చెయ్యి వెట్టిపియ్యుండ్రి. ఆనవాయితీ గదా."

"చేసింది నేనైతే బట్టలు ఆయనకెందుకు? నేను చేసిన, నేనే నిలవెడ్త."

"గట్లనొద్దు. పెద్దాయన ఉసురు తాకుతది."

"కట్టెకు ఉసురేంది?" అని ఆయన కొట్టిపారేశాడు. తనే ఎత్తాడు, తనే పసుపు రాశాడు.

వైశాఖంలో గృహప్రవేశం జరిగింది. సీతారాంకు పిలుపు వెళ్లింది. మర్యాదకు కాదు, చూపించుకోవడానికి. పాపం ఆయన డెబ్బై ఏళ్ల వయసులో పొద్దున పాసింజరెక్కి వచ్చాడు. గడప బయట నిలబడి కట్టె మీద అరచేయి వేసి నెమ్మదిగా కిందికి జరుపుతూ చూస్తున్నాడు. ఆయన ముఖం విప్పారింది. సరిగ్గా అప్పుడే పక్కింటి రఖమాబాయి అడిగింది, "ఇంత పని ఎక్కడ నేర్చుకున్నారు గురుజీ?"

కిషన్‌రావుకు సీతారాం అక్కడే ఉన్నాడని తెలుసు. మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ చుట్టూ స్కూలు మాస్తర్లున్నారు, హెడ్మాస్టరున్నాడు.

"ఎవ్వలు నేర్పుతరు? కండ్లున్నయి, చేతులున్నయి" అన్నాడు.

ఎడమవైపు కట్టె మీద సీతారాం చేయి అక్కడే ఆగిపోయింది. కాసేపు అట్లాగే ఉండి, చేయి తీసి, రుమాలుతో తుడుచుకుని వెళ్లిపోయాడు. విస్తరి ముందు కూర్చోలేదు. ఆయన చేయి ఎడమ కట్టె మీద ఆగడం సుమిత్రాబాయి చూసింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియదు. కిషన్‌రావుకు బాగా తెలుసు, అయినా ఆ పూట పొగడ్తలతో కడుపు నింపుకున్నాడు.

ఆ ఇంటి కోడలు ద్రౌపది, బిలోలి పిల్ల. కొడుకు దిగంబర్ దెగ్లూర్‌లో వ్యవసాయ శాఖలో గుమాస్తా, శనివారం వచ్చి సోమవారం వెళ్లేవాడు. జనవరికల్లా ద్రౌపదికి ఎనిమిదో నెల నడుస్తోంది. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి కాబట్టి వచ్చే వారం అన్న వచ్చి తీసుకుపోతాడని అనుకున్నారు. ఆ లోపు చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంటే సుమిత్రాబాయి ఆమెను చూడడానికి కర్ఖేలి వెళ్లింది. ఇంట్లో మామా కోడలూ మిగిలారు.

ఆ రోజు ఇరవై ఆరు జనవరి. స్కూల్లో జెండా ఎగరేసి, పిల్లలకు పేడాలు పంచి, కిషన్‌రావు పదకొండింటికి ఇంటికొచ్చాడు. టోపీ తీసి మేకుకు తగిలించి నేరుగా షెడ్డులోకి వెళ్లాడు. రేడియోకు టేకు పెట్టె చేస్తున్నాడు. మూలల్లో పళ్లలో పళ్లు కూర్చేలా కోయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ రోజు అతకాలి. సరేసు అంటే జంతువుల తోలు నుంచి తీసే జిగురు. గిన్నెలో నీళ్లు పెట్టి, అందులో ఇంకో గిన్నె పెట్టి నిప్పుల మీద కరిగించాలి. వేడిగా ఉన్నప్పుడే పూసి, వెంటనే కూర్చి, అతుకు జరగకుండా పట్టే శికంజాలు బిగించాలి. చలికాలమైతే నిమిషాల్లో గడ్డకడుతుంది.

మూలలన్నిటికీ సరేసు పూయడం అప్పుడే అయింది. షెడ్డు గుమ్మంలో ద్రౌపది వచ్చి నిలబడింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది.

"మామా, నడుములు బాగ గుంజుతున్నయి. మంచిగ అనిపిస్తలేదు. రఖమాబాయి గూడ ఇంట్ల లేదు. జర టాంగా పిలుస్తరా?"

"అయిదు నిమిషాలు బిడ్డా. సరేసు పూసిన, ఇప్పుడు ఇడిసిపెడితే గడ్డ కడ్తది. నువ్వు పండుకో పో, అత్తన్న."

ఆమె వెళ్లింది. ఆయన శికంజాలు బిగించాడు. కొలమట్టం పెట్టి చూస్తే ఒక మూల వరిగింజంత పక్కకు జరిగింది. ఇంకొకరైతే పోనీలే అనుకునేవారు. ఆయన నల్లబల్ల మీద ఒక్క లెక్క తప్పు వేయని మనిషి కదా, పోనీలే అనలేకపోయాడు. శికంజాలు విప్పి, వేడినీళ్లతో పాత సరేసు కడిగి, మళ్లీ కరిగించి, మళ్లీ పూశాడు. ఈలోగా ద్రౌపది రెండోసారి వచ్చింది. ఈసారి "మామా" అని మాత్రం అంది. ఆయన తల ఎత్తకుండానే "అచ్చిన, అచ్చిన" అన్నాడు.

పెట్టె మూల సరిపోయాక ఆయన మేకుకున్న గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు. మొదటిసారి పిలిచి నలభై అయిదు నిమిషాలు గడిచాయి. ఇంట్లోకి వెళ్లేసరికి ద్రౌపది వంటింటి నేల మీద కూర్చుని ఉంది. చీర తడిసిపోయింది. పళ్లు బిగబట్టి ఆయన వైపు చూసింది.

టాంగా వెంటనే దొరికింది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత ఆయన దొరకలేదని చెప్పాడు. ఆస్పత్రికి చేరిన కాసేపటికి మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. డాక్టరమ్మ వరండాలోకి వచ్చి ఆయనతో మాత్రం మెల్లగా చెప్పింది. ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే ఏదో ఒకటి చేయగలిగేవాళ్లమంది. నలభై అయిదులోంచి ముప్ఫై తీసేస్తే పదిహేను. కిషన్‌రావు వరండా బల్ల మీద కూలబడి ఆ లెక్క ఎన్నిసార్లు చేశాడో ఆయనకే తెలియదు. ప్రతిసారీ పదిహేను నిమిషాలు మిగిలాయి.

సాయంత్రానికి దిగంబర్ పరుగున వచ్చాడు. 

"ఎట్లాయె బాపూ? జల్ది తేలేదా?"

"టాంగా దొరకలే బిడ్డా. జెండా పండుగ గదా, అందరు అటే పోయిండ్రు."

మంచం మీదున్న ద్రౌపది కళ్లు తెరిచే ఉంది. ఆయన వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. పదకొండో రోజున అన్న వచ్చి ఆమెను బిలోలి తీసుకుపోయాడు.

కిషన్‌రావుకు దుఃఖం లేదని కాదు. షెడ్డు వైపు వెళ్లడం మానేశాడు. బల్ల మీద పెట్టెకు శికంజాలు బిగించినవి బిగించినట్టే ఉండిపోయాయి. కానీ ఆయన దుఃఖాన్ని భయం మింగేసింది. ద్రౌపది ఎప్పుడు నోరు విప్పుతుందో, కొడుకు ఏ శనివారం వచ్చి తన ముఖాన ఉమ్మేస్తాడో అని రోజూ గుండె చేత్తో పట్టుకుని ఉండేవాడు. ఆమె నోరు విప్పలేదు. దిగంబర్ రెండుసార్లు బిలోలి వెళ్లాడు. రెండుసార్లూ "ఆ ఇంటికి రాను" అని మాత్రమే అందట.

కారణం చెప్పకపోతే మనుషులు ఊరుకోరు, కారణం వెతుక్కుంటారు. సుమిత్రాబాయికి గృహప్రవేశం నాడు ఎడమ కట్టె మీద ఆగిన చేయి గుర్తుకొచ్చింది. ఎవరికీ చెప్పకుండా రైలెక్కి కర్ఖేలి వెళ్లి సీతారాంను అడిగి వచ్చింది. వచ్చీ రాగానే గుండెలు బాదుకుంది.

"నేను చెప్తనే ఉన్న గదా! ఎడమదిక్కు కట్టె తలకిందులున్నదట. కొస కిందికి, మొదలు పైకి. సీతారాం ఆనాడే పట్టిండు. గందుకే అన్నం తినక పోయిండు. మన వంశమే పాయె గదా!"

కిషన్‌రావుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏందీ, నా కట్టె తలకిందులా? నేను గుర్తు వెట్టి కోయించిన! వానికి కుళ్లు, గందుకే గట్లన్నడు! ఇప్పుడే పోయి..."

"ఎవల మీద ఎగురుతవ్ ఇంక?" అని ఆమె ఏడుస్తూ చతికిలబడింది. మామూలుగా "మీరు" అనే మనిషి నువ్వులోకి దిగింది. "ద్రౌపదికి గూడ ఎట్లనో ఎర్కైంది. గందుకే ఆ కడప దాటనంటున్నది. ఇంకేముంటది కారణం? నువ్వే చెప్పు, ఇంకేముంటది?"

కర్ఖేలికి బయల్దేరబోయిన కిషన్‌రావు ఆగిపోయాడు. ఇంకే కారణముంటుందో చెప్పగలిగినవాడు ఆ ఇంట్లో తానొక్కడే. కట్టె తలకిందులైతే పిల్లవాడు కట్టె వల్ల పోయినట్టే. అప్పుడిక నలభై అయిదు నిమిషాల సంగతి ఎవరూ అడగరు. కట్టె సరిగ్గా ఉంటే, అందరూ మళ్లీ వెతకడం మొదలుపెడతారు.

"అయ్యుండచ్చు" అన్నాడు. 

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన తన పనిలో తప్పు ఉండొచ్చని అనడం సుమిత్రాబాయి మొదటిసారి విన్నది. ఆమె కళ్లు తుడుచుకుని, ఆయన పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకుంది. ఆయనకు చచ్చినంత పనైంది. కానీ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఆయనే వెళ్లి ధోవతి, రుమాలు కొన్నాడు. ఆయనే కర్ఖేలి వెళ్లి సీతారాం కొట్టం ముందు నిలబడి, "కాకా, తప్పైంది. నువ్వు అచ్చి ఎడమ కట్టె మార్చాలె. నువ్వే నాకు గురువని అందరి ముందట చెప్త" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కాకా అన్న పిలుపు వింటే సీతారాం సంతోషించాలి. ఆయన తల దించుకుని, "సరే పటేలా" అన్నాడంతే. 

దిగంబర్ ఆ వారమే బిలోలి వెళ్లాడు. తిరిగొచ్చి తండ్రికి సంబరంగా చెప్పాడు.

"అస్త అన్నది బాపూ! బాపు నలుగురి ముందట తన తప్పు ఒప్పుకుంటడట, నువ్వు రావాలె అని చెప్పిన. నిజంగ ఒప్పుకుంటరా అని మూడుసార్లు అడిగింది. ఒట్టు అన్న. గప్పుడు ఏడ్చింది. ఆ దినం నుంచి ఏడుసుడు ఇదే మొదలు. మామ ఆ ఒక్క మాట అంటే నాకు సాలు, ఇగ ఏం అడుగ అన్నది."

"కట్టె సంగతి చెప్పినవా?" అని కిషన్‌రావు అడిగాడు.

"చెప్పే జరూరత్ ఏమున్నది? ఆమెకు ఎర్కే ఉన్నట్టున్నది."

ఆమె దేనికోసం వస్తోందో కిషన్‌రావుకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన అన్నం ముందు కూర్చున్నా, క్లాసులో నిలబడ్డా లోపల ఒకటే మాట. చెప్పేస్తే పోతుంది. నలుగురి ముందు కాకపోయినా ఆ పిల్ల ముందు చెప్పేస్తే పోతుంది. చెబుతానని పొద్దున అనుకునేవాడు. మధ్యాహ్నానికి కొడుకు ముఖం గుర్తొచ్చి ఆగిపోయేవాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. పొద్దున పాసింజర్లో సీతారాం కొత్త కట్టె మోయించుకుని దిగాడు. పని మొదలుపెట్టకముందే కిషన్‌రావును షెడ్డులోకి తీసుకెళ్లి తలుపు దగ్గరకు వేశాడు.

"పటేలా, నువ్వు కొట్టినా మంచిదే. నేను అబద్ధం ఆడిన. నీ కట్టె తలకిందులు లేదు. మొదలు కిందికే ఉన్నది. ఆనాడు నువ్వు గంత మంది ముందట ఎవ్వలు నేర్పలే అన్నవ్, నా కడుపు మండింది. దొర్సాని అచ్చి ఎడమ కట్టెల ఏమన్న తప్పున్నదా అని అడిగితే నోటికచ్చింది అనేసిన. పిలగాని సంగతి ఆమె తరువాత చెప్పింది. గప్పటి సంది నాకు ముద్ద దిగుతలేదు. ఆ కట్టె మీద చెయ్యి వెయ్యను. అందరి ముందట నేనే చెప్త, నాదే తప్పని. గా దర్వాజ బంగారమసొంటి పని పటేలా. నా కొడుకులకు గూడ గసొంటి చెయ్యి రాలే."

ఈ మాట కోసం కిషన్‌రావు నలభై ఏళ్లు ఎదురుచూశాడు. హెడ్మాస్టర్ల పొగడ్తలన్నీ ఈ ఒక్క మనిషి నోటి మాట ముందు దిగదుడుపే. ఛాతీ నిండుగా గాలి పీల్చుకున్నాడు. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం మాత్రం, ఆయన ఈ భూమ్మీద అందరికంటే సుఖంగా ఉన్నాడు.

వెంటనే ఆ నలభై అయిదు నిమిషాలు గుర్తొచ్చాయి.

"ఎవ్వలికి చెప్పకు కాకా" అన్నాడు.

"గదేంది? చెప్పకపోతే ఎట్ల? మంచి దర్వాజ ఊరికే ఇప్పుతమా?"

"ఇప్పుదాం. తలకిందులే ఉన్నదనుకో."

"లేనిది ఎట్లనుకుంట పటేలా? ఎందుకు?"

"నీ కాళ్లు మొక్కుత, అడుగకు. చెప్పకు."

సీతారాం ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఏమర్థమైందో తెలియదు. ఆ అబద్ధం ఇప్పుడు తనది కాదని మాత్రం అర్థమైనట్టుంది. సంచీలోంచి రంపం తీసి కిషన్‌రావు చేతికిచ్చాడు.

"నీ కట్టె నువ్వే కొయ్యి" అన్నాడు.

కట్టె రెండు చివరల నాలుకల్లాంటి కూసాలు పైకట్టెలోకీ గడపలోకీ దిగి ఉన్నాయి, మధ్యకు కోస్తే తప్ప నిలువు కట్టె బయటికి రాదు. కిషన్‌రావే కోశాడు. రెండేళ్లు చెక్కిన లతలు రెండు ముక్కలయ్యాయి. మధ్యాహ్నానికి సీతారాం ఏ చెక్కుడూ లేని కొత్త కట్టెను ఎట్లాగో కూర్చి నిలబెట్టాడు. కాలనీ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. సుమిత్రాబాయి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. నాలుగు గంటల బస్సుకు దిగంబర్ ద్రౌపదిని తీసుకొచ్చాడు. పిల్ల సగమైపోయింది. చేతిలో సంచీతో గడప ఇవతల నిలబడి నేరుగా మామ ముఖంలోకి చూసింది. నలభై రోజుల తర్వాత ఆమె కళ్లలో ఏదో ఆశ ఉంది. ఆ ఆశ తన వైపు చూస్తుంటే కిషన్‌రావు తట్టుకోలేకపోయాడు.

గొంతు సవరించుకున్నాడు. క్లాసు ముందు నిలబడి మాట్లాడడం అలవాటైన మనిషి.

"అందరు ఇనుండ్రి. నేను మస్తు గర్వానికి పోయిన. నాకు పని నేర్పింది ఈ సీతారాం కాకా. ఆయనను కాదన్న. ఆయన చెయ్యి వెట్టకుండ దర్వాజ ఎత్తిన. ఎడమ కట్టె తలకిందులు నిలవెట్టిన. నా ఇంట్ల జరిగిందానికి తప్పు నాదే. ఇంకెవ్వలిది కాదు."

జనంలోంచి జాలి నిండిన గొణుగుడు లేచింది. రఖమాబాయి కళ్లొత్తుకుంది. తోటి మాస్తరొకాయన వచ్చి భుజం తట్టి, ఇంత పెద్దమనసు ఎవరికుంటుందన్నాడు. దిగంబర్ తండ్రి చేతులు పట్టుకున్నాడు. సీతారాం నేల చూస్తూ కూర్చున్నాడు.

ద్రౌపది కదల్లేదు. ఆ మాటలు పూర్తయ్యాక కూడా ఇంకా చూస్తోంది, ఇంకా ఏదో మిగిలి ఉందన్నట్టు. సుమిత్రాబాయి హారతి పళ్లెం తిప్పి, "రా బిడ్డా, కుడికాలు వెట్టు" అంది. ద్రౌపది కాలు ఎత్తలేదు. ఒకడుగు ముందుకు వంగి, మామకు మాత్రమే వినపడేటంత మెల్లగా అడిగింది.

"గంతేనా మామా?"

ఆయన చుట్టూ చూశాడు. కొడుకు కళ్లనిండా నీళ్లతో గౌరవంగా తననే చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక కొడుకు తనను అట్లా చూడడం ఇదే మొదలు.

"గంతే బిడ్డా" అన్నాడు.

ద్రౌపది తల ఊపింది. సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. వెనక్కి తిరిగి బస్టాండు దారి పట్టింది. ఒక్కసారి కూడా వెనుదిరిగి చూడలేదు. దిగంబర్ "ద్రౌపదీ, ఏమాయె, ఆగు" అంటూ వెంటపడ్డాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయారు.

ఆ తర్వాత ఆడవాళ్లు గుసగుసలాడారు. చూశారా, కాలు పెట్టబోయి పెట్టలేకపోయింది, ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోయింది, దర్వాజలో ఇంకా ఏదో ఉంది, అన్నారు. సుమిత్రాబాయి పళ్లెం కింద పెట్టింది. ఆమె సీతారాం దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"సీతారాం, నీకు దండం వెడ్త. కుడిదిక్కుది గూడ ఒక్కసారి సూడు. గది గూడ తలకిందులున్నదేమో సూడు."

సీతారాం లేవలేదు. కూర్చున్న చోటి నుంచే కిషన్‌రావు వైపు చూశాడు.

"ఏమంటవ్ పటేలా?"

కుడివైపు కట్టె మీద సాయంత్రం ఎండ పడుతోంది. లతలోని ఆకుల ఈనెలు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. కిషన్‌రావు రంపం కోసం చేయి చాచాడు.

"గది గూడ తలకిందులే కాకా" అన్నాడు.